దూరాన ఉండి పెద్దవాళ్ల సత్తువను కొలవడం: ఏ ఇంటికి ఏ పద్ధతి

తల్లిదండ్రులు హనుమకొండలోనో జగిత్యాల దగ్గరి పల్లెలోనో ఉండడం, పిల్లలు హైదరాబాదులోనో దుబాయిలోనో అమెరికాలోనో ఉండడం ఉత్తర తెలంగాణలో ఇప్పుడు చాలా ఇళ్ల పరిస్థితి. బీపీ ఎంత, షుగరు ఎంత అని ఫోనులో అడిగి రాసుకోవడం ఈ ఇళ్లకు అలవాటైంది. కాళ్లలో సత్తువ ఎంత మిగిలింది, నడక నిలకడగా ఉందా, చేతుల ఊత లేకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా అన్న ప్రశ్నలు మాత్రం ఎవరో ఒకరు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన తరువాతనే గుర్తుకొస్తాయి. ఈ సంగతులను కూడా బీపీలాగే అంకెల్లో తెలుసుకోవచ్చు. అందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు, చాలామందికి దవాఖాన దాకా వెళ్లవలసిన పని కూడా ఉండదు.

అందుబాటులో ఉన్న దారులు ఇవి: ఫోనులో ప్రశ్నలు అడిగి అంచనా వేయడం, వీడియో కాల్‌లో చూస్తూ చిన్న పరీక్షలు చేయించడం, ఇంట్లోవాళ్ల చేత వీడియో తీయించి తెప్పించుకోవడం, చేతి గడియారం లేదా ఫోను యాప్ లెక్కలపై ఆధారపడడం, ఫిజియోథెరపిస్టును ఇంటికి పంపడం. వీటిలో ఏది మంచిదని అడిగితే అన్ని ఇళ్లకూ ఒకే జవాబు రాదు. నా దృష్టిలో ఎంపికను తేల్చేవి రెండే: మీరు తెలుసుకోదలచినది ఏమిటి, పరీక్ష జరిగే ఆ పది నిమిషాలు పెద్దవాళ్ల పక్కన ఎవరు నిలబడగలరు. పరికరం ధర, యాప్ పేరు ఆ తరువాతి సంగతులు.

ముందుగా ప్రశ్న తేల్చుకోవాలి

"బాపు ఎట్లున్నడు" అన్న ఒక్క మాటలో మూడు వేరువేరు ప్రశ్నలు కలిసి ఉంటాయి. మొదటిది, పడిపోయే ప్రమాదం ఎంత అన్నది. దీనికి నిలకడ, కాళ్ల బలం చూడాలి. రెండోది, ఫలానా పనికి తట్టుకోగలరా అన్నది: మేడారం జాతరకు తీసుకుపోవచ్చా, కొమురవెల్లి గుట్ట మెట్లు ఎక్కగలరా, మోకాలి ఆపరేషన్‌కు ముందు ఒంట్లో ఓపిక ఎంత ఉంది అన్నవి ఈ కోవలోకి వస్తాయి. దీనికి ఆయాసం, దమ్ము చూడాలి. మూడోది, పోయిన సంవత్సరం కంటే తగ్గారా అన్నది. దీనికి ఏ పరీక్ష అయినా సరే, అదే కుర్చీతో, అదే సమయానికి, అదే పద్ధతిలో మళ్లీ మళ్లీ చేయడం కావాలి. మొదటి ప్రశ్నకు సరిపోయే పరికరం రెండోదానికి పనికిరాకపోవచ్చు. రోజుకు ఎన్ని అడుగులు వేశారో చెప్పే గడియారానికి, మనిషి పక్కకు తూలితే నిలదొక్కుకోగలడో లేదో తెలియదు.

ఫోనులో ప్రశ్నలు

అన్నిటికంటే తేలికైనది ఇదే, ఏ ప్రమాదమూ లేనిది కూడా ఇదే. ఒంటరిగా ఉన్నవాళ్ల విషయంలో ముందుగా చేయవలసిందీ ఇదే. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, పెద్దవాళ్లు పడిపోకుండా చూసేందుకు నడిపే 'స్టెడీ' కార్యక్రమంలో మూడు ప్రశ్నలు ముందు పెట్టింది: గత సంవత్సరంలో ఎప్పుడైనా పడ్డారా, నిలబడినప్పుడు లేదా నడిచేటప్పుడు తూలినట్లు అనిపిస్తుందా, పడతామేమోనన్న భయం ఉందా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా తరువాతి పరీక్షలకు వెళ్లాలి. వైద్యులు వాడే 'ఫ్రెయిల్' ప్రశ్నావళి ఐదు విషయాలు అడుగుతుంది: అలసట, ఒక అంతస్తు మెట్లు ఎక్కడం, కొంత దూరం నడవడం, ఉన్న జబ్బుల సంఖ్య, బరువు తగ్గడం. మూడు లేదా అంతకంటే ఎక్కువ అంశాలు వర్తిస్తే శరీరం బాగా సడలిందని అర్థం.

ఈ పద్ధతిలో లోపం ప్రశ్నల్లో లేదు, జవాబుల్లో ఉంది. దూరాన ఉన్న కొడుకుకు గాని బిడ్డకు గాని బెంగ పెట్టకూడదని "మంచిగనే ఉన్న, నాకేమైంది" అనే జవాబు మన పెద్దవాళ్ల నోట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పడిన సంగతిని పడిన సంగతిగా చెప్పరు, "కాలు జారింది అంతే" అంటారు. అందుకే నేరుగా ఎలా ఉన్నావని అడగడం కంటే, రోజూ చేసే పనిని ఎలా చేస్తున్నారని అడగడం మేలు. భోజనానికి కింద కూర్చుంటున్నారా లేక కుర్చీకి మారారా, మారితే ఎప్పటి నుంచి. కింద కూర్చుంటే లేచేటప్పుడు గోడను పట్టుకుంటున్నారా. ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కేటప్పుడు రెండు చేతులూ కావలసి వస్తున్నాయా. మొన్నటి బతుకమ్మకు ఎంతసేపు ఆడారు, లేక కూర్చొని చూశారా. కూరగాయలకు తానే పోతున్నారా, పక్కింటి పిల్లవాడిని పంపుతున్నారా. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో ఏళ్ల తరబడి కింద కూర్చొని బీడీలు చుట్టిన ఆడవాళ్లను "నొప్పి ఉందా" అని అడిగితే ఉపయోగం తక్కువ, నొప్పి ఎప్పుడూ ఉంటుంది. కూర్చున్న చోటు నుంచి లేవడానికి మునుపటి కంటే ఎక్కువ సేపు పడుతోందా అని అడగాలి.

ప్రశ్నలతో తెలిసేది ఎవరికి పరీక్ష అవసరమో అంతవరకే. ఎంత బలహీనత ఉందో కొలతగా చెప్పాలంటే కళ్లతో చూడాల్సిందే.

వీడియో కాల్‌లో పరీక్ష

ఎక్కువ ఇళ్లకు నేను సూచించేది ఈ దారినే, అయితే ఒక షరతు మీద: పెద్దవాళ్ల పక్కన మరొక మనిషి తప్పక ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. ఫోను పట్టుకున్న చెయ్యి పడబోయే మనిషిని పట్టుకోలేదు గనుక, ఫోనును స్టూలు మీదనో కిటికీ గట్టు మీదనో నడుము ఎత్తులో, మనిషికి రెండున్నర మూడు మీటర్ల దూరంలో ఆనించి పెట్టాలి. తల నుంచి పాదాల వరకు కనిపించాలి. వెలుతురు వచ్చే తలుపుకు ఎదురుగా ఫోను పెడితే మనిషి నల్లగా నీడలా మాత్రమే కనిపిస్తారు.

ఎవరు తోడు నిలబడాలన్నది చిన్న విషయం అనిపిస్తుంది గాని ఇక్కడే చాలాసార్లు పని ఆగిపోతుంది. ఇంట్లో కోడలే ఉంటే, మామను పట్టుకోవడానికి ఆమెకూ, ఆమె చేత పట్టించుకోవడానికి ఆయనకూ జంకు ఉంటుంది. అటువంటి చోట మనుమడినో, వరుసకు తమ్ముడయ్యే పక్కింటాయననో ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. ఆశా కార్యకర్త వస్తుంది కదా అనుకోవద్దు. ఆమెకు ఉన్న పనులే ఆమెకు ఎక్కువ.

ఏ పరీక్షలు చేయించాలి అన్నదానికి నెట్‌వర్కే సగం జవాబు చెబుతుంది. పల్లెల్లో వీడియో కాల్ మాటా బొమ్మా కొంత ఆలస్యంగా చేరతాయి. దుబాయి నుంచి కొడుకు "మొదలు" అని స్టాప్‌వాచ్ నొక్కితే ఆ మాట జమ్మికుంటలో వినిపించడానికి కొంత, అక్కడి కదలిక ఇక్కడ కనిపించడానికి మరికొంత సమయం పోతుంది. కాబట్టి సెకండ్లు కొలిచే పరీక్షల కంటే సార్లు లెక్కపెట్టే పరీక్షలు వీడియోకు ఎక్కువ నప్పుతాయి. ఈ భేదం చెప్పకుండానే చాలామంది ఆసుపత్రిలో వాడే పరీక్షలన్నిటినీ యథాతథంగా ఫోనులోకి తెచ్చి, వచ్చిన అంకెలను నమ్ముతారు.

సార్లు లెక్కపెట్టే పరీక్షల్లో మొదటిది 30 సెకండ్ల కుర్చీ పరీక్ష. చేతులు ఎద మీద అడ్డంగా కట్టుకొని, 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి కూర్చోగలరో లెక్కపెట్టాలి. సమయం ముగిసేసరికి సగానికి మించి లేచి ఉంటే దాన్నీ లెక్కలో వేయాలి. చేతుల ఊత తీసుకుంటే ఫలితం సున్నా. కుర్చీ ఎత్తు 43 సెంటీమీటర్లు ఉండాలన్నది నియమం. మన ఇళ్లలోని ప్లాస్టిక్ కుర్చీలు రకరకాల ఎత్తుల్లో ఉంటాయి గనుక ఒకసారి టేపుతో కొలిచి, ఆ కుర్చీనే ప్రతిసారీ వాడాలి. నున్నటి టైల్స్ మీద, పాలిష్ బండల మీద ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది; దాన్ని గోడకు ఆనించకుండా ఈ పరీక్ష మొదలుపెట్టనే కూడదు. నులక మంచం గాని నవారు మంచం గాని కుర్చీకి బదులు పనికిరాదు, కూర్చోగానే కుంగుతుంది. సీడీసీ పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల వయసులో మగవారు 14 కంటే, ఆడవారు 12 కంటే తక్కువసార్లు లేస్తే సగటు కంటే తక్కువ. 70 నుంచి 74 ఏళ్లకు ఆ గీత 12, 10. 80 నుంచి 84 ఏళ్లకు 10, 9. ఇవి అమెరికా వాళ్లకు వేసిన లెక్కలు కాబట్టి మన పెద్దవాళ్లకు ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. ఎక్కువ విలువ ఇవ్వవలసింది వాళ్ల సొంత పాత అంకెకు.

ఫోను కాల్ మధ్యలో బొమ్మ ఆగిపోవడం మామూలే. అందుకే 30 సెకండ్ల గడియారం అక్కడి మనిషి చేతిలోనే ఉండాలి, లెక్క కూడా ఆ మనిషే గట్టిగా బయటికి పలకాలి. మీరు చూస్తూ సరిచూసుకోవాలి. కెమెరాకు పక్కవాటుగా కూర్చోబెడితే మోకాళ్లు పూర్తిగా నిటారుగా అవుతున్నాయా, నడుము ముందుకు విసిరి లేస్తున్నారా అన్నది తెలుస్తుంది. వచ్చిన అంకె పన్నెండే కావచ్చు, చివరి నాలుగు సార్లు ఎంత కష్టపడి లేచారన్నది అంకెలో కనిపించదు. వీడియో చూసేవాడికి దక్కే లాభం అదే.

దమ్ము తెలుసుకోవడానికి దవాఖానల్లో ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు. దానికి 30 మీటర్ల తిన్నని వరండా కావాలి. ఇంట్లో అది కుదరదు, గల్లీలో కుక్కలూ బండ్లూ ఉంటాయి. దానికి బదులు రెండు నిమిషాలు నిలబడిన చోటనే అడుగులు వేయించే పరీక్ష ఉంది. మోకాలి చిప్పకూ తుంటి ఎముకకూ మధ్యన సగం ఎత్తుకు గోడ మీద గుర్తు పెట్టి, కుడి మోకాలు ఆ ఎత్తుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు. ఈ పరీక్షను రూపొందించినవారు 65 కంటే తక్కువ రావడాన్ని ప్రమాద సూచనగా చెప్పారు. ఒక చెయ్యి గోడను తాకుతూ ఉంటే అభ్యంతరం లేదు. ముగిసిన వెంటనే మాట్లాడించండి. వాక్యం మధ్యలో ఊపిరికి ఆగితే, ఆ ఆయాసం తగ్గడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఈ ఒక్కదానికి బొమ్మ కూడా అక్కరలేదు, మామూలు ఫోను చాలు.

నిలకడ కోసం సీడీసీ నాలుగు దశల పరీక్ష సూచిస్తుంది: రెండు పాదాలు పక్కపక్కన పెట్టి, తరువాత ఒక పాదం బొటనవేలు రెండో పాదం మధ్య భాగానికి ఆనించి, తరువాత మడమకు బొటనవేలు ఆనించి ఒకే గీత మీద, చివరికి ఒంటికాలి మీద, ఒక్కో దశలో పది సెకండ్లు నిలబడాలి. మూడో దశలో పది సెకండ్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువ. గది మూలన, రెండు గోడలు వెనుక ఉండేటట్లు నిలబెట్టి, ముందు ఒక కుర్చీ పెట్టి, తోడు మనిషిని పక్కన కొద్దిగా వెనకగా నిలబెట్టాలి. చీర కుచ్చిళ్లు, ధోవతి పాదాలను కప్పేస్తే మీకు ఏమీ కనిపించదు గనుక కొంచెం పైకి దోపుకోమనాలి. ప్రతిసారీ చెప్పులు లేకుండానే చేయించాలి.

మాట చెప్పే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. చెవి సరిగా వినబడని పెద్దాయనకు స్పీకరులో వచ్చే పుస్తక భాష ఎక్కదు. "బాపూ, చేతులు ఎద మీద కట్టుకో, లేచి నిలబడు, మళ్ల కూసో" అని ఇంటి మాటలో చెప్పి, తోడు మనిషి చేత ఒకసారి చేయించి చూపించాలి. "జల్ది జల్ది" అని తొందరపెట్టడం మంచిది కాదు, పందెంలా మారితే ప్రమాదం. ఇదేదో తమ పింఛనుకు సంబంధించిన పరీక్ష అని భయపడేవాళ్లూ ఉంటారు, ఎందుకు చేస్తున్నదీ ముందే చెప్పాలి.

ఎవరికి దూరం నుంచి ఈ పరీక్షలు చేయించనే కూడదో చెప్పుకోవాలి. ఛాతీ నొప్పి ఉన్నవారు, గత నెల రోజుల్లో గుండెపోటు వచ్చినవారు, కూర్చొని ఉండగానే నాడి నిమిషానికి 120 దాటేవారు, బీపీ పై అంకె 180 గాని కింది అంకె 100 గాని దాటినవారు, ఈమధ్యే పడి దెబ్బ తగిలినవారు, ఆపరేషన్ చేసిన వైద్యుడి అనుమతి ఇంకా రానివారు, లేచి నిలబడగానే కళ్లు తిరిగేవారు ముందు వైద్యుడిని కలవాలి. పరీక్ష మధ్యలో ఛాతీ పట్టేసినా, చెమటలు పట్టినా, మాట తడబడినా అక్కడితో ఆపి 108కి ఫోను చేయాలి. ఆ పని అక్కడి మనిషే చేయాలని ముందే అనుకొని పెట్టుకోవాలి, ఎందుకంటే విదేశం నుంచి ఆ నంబరుకు కలవదు.

వీడియో తీసి పంపించడం

నెట్‌వర్క్ బాగా లేని ఊళ్లకు, సమయాలు కలవని దేశాల్లో ఉన్న పిల్లలకు ఇది అనుకూలం. సెకండ్లు కొలిచే పరీక్షలకు ప్రత్యక్ష కాల్ కంటే ఇదే నయం. మామూలు ఫోను కూడా సెకండుకు దాదాపు 30 బొమ్మలు తీస్తుంది. వాట్సాప్‌లో పంపితే స్పష్టత తగ్గుతుంది గాని నిడివి మారదు. అందువల్ల కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగి వచ్చి కూర్చునే పరీక్షను ఇలా తెప్పించుకొని, తీరిగ్గా కొలుచుకోవచ్చు. ఇందులో 12 సెకండ్లు గాని అంతకంటే ఎక్కువ గాని పడితే సీడీసీ దాన్ని పడే ప్రమాదం కింద లెక్కిస్తుంది. దూరం కొలవడానికి టేపు లేకపోయినా, నేల మీద రెండడుగుల టైల్స్ ఉంటే వరుసగా ఐదు లెక్కపెడితే సుమారు 3 మీటర్లు వస్తుంది. నడక వేగానికి 4 మీటర్లు కావాలి. మామూలు నడకతో ఆ దూరానికి 4 సెకండ్లు పడితే వేగం సెకండుకు ఒక మీటరు. ఆసియా దేశాల కండరాల క్షీణత నిపుణులు 2019లో అంతకంటే తక్కువ వేగాన్ని మందగింపుగా నిర్ణయించారు. నడక మొదలయ్యే చోట, ఆగే చోట వేగం తక్కువ ఉంటుంది గనుక గీతకు ఒక మీటరు ముందు నుంచి నడక మొదలుపెట్టించి, అవతలి గీత దాటాక కూడా ఒక మీటరు నడవనివ్వాలి.

ఈ పద్ధతికి ఉన్న చిక్కు, ఇంట్లోవాళ్లు బాగా వచ్చినదే పంపుతారు. రెండుసార్లు తూలి మూడోసారి సరిగ్గా నడిస్తే ఆ మూడోదే మీకు చేరుతుంది. మొదట తీసినదే పంపమని గట్టిగా చెప్పాలి. రెండో చిక్కు, తప్పుగా చేస్తుంటే ఆపేవాడు లేకపోవడం. అందుకే నిలకడ పరీక్షను ఈ దారిలో చేయించడం నాకు సమ్మతం కాదు.

గడియారాలు, యాప్‌లు

పిల్లలు ముందుగా కొనిపెట్టేది ఇదే, చివరికి అలమరలో చేరేదీ చాలావరకు ఇదే. గడియారాన్ని మెచ్చుకోవలసిన చోటు ఒకటుంది. రోజూ పొద్దున వరంగల్ భద్రకాళి బండ్ మీద నడిచే, ఆరోగ్యంగా ఉన్న రిటైర్డ్ ఉద్యోగికి అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆయన రోజుకు ఎంత నడుస్తున్నాడన్నదే ఆయన విషయంలో అసలు ప్రశ్న. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కకు ఆయన చేరుతున్నాడా లేదా అది చెబుతుంది.

నిజంగా ఆందోళన పడవలసిన మనిషి విషయంలోనే అది బలహీనం. నెమ్మదిగా, ఈడ్చినట్లు నడిచేవారి అడుగులను మణికట్టు గడియారాలు తక్కువగా లెక్కిస్తాయి. చేతికర్ర పట్టుకున్న చెయ్యి గాని, వాకర్ మీద ఆనించిన చెయ్యి గాని ఊగదు కాబట్టి చాలా అడుగులు లెక్కకే రావు. ఫోనులోని అడుగుల యాప్‌ను నమ్ముదామంటే, చీర కట్టుకున్నవారికి జేబు ఉండదు. ఫోను బల్ల మీద ఉంటుంది, మనిషి ఇల్లంతా తిరుగుతుంది. బీపీకి, గుండెకు మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో శ్రమ పెరిగినా నాడి అంతగా పెరగదు. గడియారం చూపే గుండె వేగాన్ని బట్టి శ్రమను అంచనా వేస్తే పొరపాటు పడతారు.

ఇంకొకటి, అడుగుల లెక్క ఒంటి సత్తువ కంటే ఊరి కాలాన్ని ఎక్కువ చెబుతుంది. మే నెలలో ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు ఎవరూ బయట అడుగు పెట్టరు. పత్తి ఏరే రోజుల్లో డెబ్బై ఏళ్ల అవ్వ కూడా చేనంతా తిరుగుతుంది. ఈ రెండు నెలల లెక్కలను పక్కపక్కన పెట్టి బాగుపడిందనో చెడిందనో అనుకోవడం తప్పు. పోల్చితే పోయిన సంవత్సరపు అదే నెలతో పోల్చాలి.

కెమెరా ముందు కూర్చొని లేస్తుంటే తనంతట తానే లెక్కపెట్టే యాప్‌లు కూడా వచ్చాయి. వదులు బట్టల్లో మోకాలు, తుంటి ఎక్కడున్నాయో పోల్చుకోవడం వాటికి కష్టం. తోడు మనిషి ఎటూ ఉండాలి, ఆ మనిషికి ముప్పై దాకా లెక్కపెట్టడం వస్తే ఈ యాప్‌తో కొత్తగా వచ్చే లాభం నాకైతే కనిపించలేదు.

మనిషిని ఇంటికి పంపడం

ఖర్చు ఎక్కువైనా, కొందరి విషయంలో దీనికి ప్రత్యామ్నాయం లేదు. గత సంవత్సరంలో రెండుసార్లు పడినవారు, పక్షవాతం వచ్చి తేరుకున్నవారు, పార్కిన్సన్స్ ఉన్నవారు, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఆ కోవకు చెందుతారు. ఫిజియోథెరపిస్టు చేత్తో పట్టి కండరాల బలం చూస్తాడు, పాదాల స్పర్శ చూస్తాడు, పిడికిలి పట్టును పరికరంతో కొలుస్తాడు. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డ మూడు నిమిషాల లోపు బీపీ కొలిచి, పై అంకె 20 గాని కింది అంకె 10 గాని పడిపోతోందా చూడవచ్చు. తూలడానికి కాళ్ల కంటే ఇదే కారణమైతే అది మందులు మార్చవలసిన వైద్యుడి పని. స్నానాల గది గడప ఎంత ఎత్తుందో, రాత్రి లేచి వెళ్లే దారిలో దీపం ఉందో లేదో ఏ వీడియో కాల్ లోనూ తెలియదు, ఎందుకంటే మీకు చూపించే గది ఎప్పుడూ ముందు గదే.

ప్రతి నెలా పిలిపించనవసరం లేదు. ఒకసారి పిలిపించి, మొదటి కొలతలు తీయించి, ఏ కుర్చీ వాడాలో, తోడు మనిషి ఎక్కడ నిలబడాలో నేర్పించుకుంటే, తరువాతి నెలల్లో వీడియో కాల్ సరిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టదలచినవారికి గడియారం కొనడం కంటే ఆ మొత్తాన్ని ఈ ఒక్క రాకకు వెచ్చించమని చెబుతాను.

ఎవరికి ఏది

దంపతులిద్దరూ కలిసి ఉండి, ఇద్దరూ తిరుగుతూ ఉంటే, మూడు నెలలకు ఒకసారి వీడియో కాల్‌లో కుర్చీ పరీక్ష, రెండు నిమిషాల అడుగుల పరీక్ష చాలు. ఒకరికి మరొకరు తోడు నిలబడవచ్చు గాని, తోడు నిలిచే మనిషి తానే తూలేటట్లుంటే ఆ పని మరొకరికి అప్పగించాలి. ఒంటరిగా ఉంటున్న తల్లికి ప్రశ్నలతో మొదలుపెట్టాలి. నిలబడి చేసే ఏ పరీక్షనైనా పండుగకు ఎవరైనా ఇంటికి వచ్చినప్పుడు చేయించాలి. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన కొందరికి ఊపిరితిత్తుల సమస్య ఉంటుంది. వారికి అడుగుల పరీక్షను వైద్యుడిని అడిగిన తరువాతనే పెట్టుకోవాలి, కుర్చీ పరీక్షను కూడా మధ్యలో ఆగుతూ చేయనివ్వాలి. మతిమరుపు ఉన్నవారికి వీడియోలో వచ్చే ఆదేశాలు గందరగోళం కలిగిస్తాయి. వాళ్లు మామూలుగా తిరుగుతున్నప్పుడు వాకిట్లో తీసిన నిమిషం వీడియో ఎంతో నయం. మోకాళ్ల నొప్పికి మాత్రలు వాడేవారికి మాత్ర వేసుకున్న తరువాత ప్రతిసారీ ఒకే సమయానికి పరీక్ష పెట్టకపోతే, కొలిచింది సత్తువో మాత్ర ప్రభావమో తెలియదు.

అంకెలు చేతికి వచ్చాక

ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టే సమయం విషయంలోనే చూడండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నాటి మార్గదర్శకం 14 సెకండ్లు అంటుంది, ఆసియా నిపుణులు 12 అంటారు, యూరపు వాళ్లు 15 దాటితే అంటారు. ఒకరు ఇంకా ఎవరిని పరీక్షించాలో ఏరడానికి, ఇంకొకరు కండరాల క్షీణతను పట్టుకోవడానికి గీత గీశారు, గీతలు వేరుగా ఉండడం సహజం. కాబట్టి 13 సెకండ్లు వచ్చిందని రాత్రికి రాత్రి టికెట్టు బుక్ చేసుకోవలసిన పని లేదు. 30 సెకండ్ల కుర్చీ పరీక్షలో లెక్క ఒకటి అటూ ఇటూ కావడాన్ని నేను పట్టించుకోను. రెండు వరుస పరీక్షల్లోనూ తగ్గుదల కనిపిస్తే, లేదా ఒక్కసారిగా మూడు నాలుగు తగ్గితే కారణం వెతకాలి. జ్వరం, కొత్త మందు, నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, ఎవరికీ చెప్పకుండా దాచిన దెబ్బ, ఇవన్నీ అడిగిన తరువాతనే వయసు మీద నెపం వేయాలి.

చూపించవలసి వస్తే ఎక్కడ అన్నది తరువాతి ప్రశ్న. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే వైద్య సలహా సేవ ఈ-సంజీవనిలో వైద్యుడిని ఉచితంగా సంప్రదించవచ్చు. అక్కడ సత్తువను కొలవరు గాని, మీరు తేదీలతో సహా రాసి పెట్టిన అంకెలు చదివి వినిపిస్తే, "నీరసంగా ఉంది" అన్న మాట కంటే వైద్యుడికి ఎక్కువ ఆధారం దొరుకుతుంది. జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకు వేరుగా చూసే ఏర్పాటు, ఫిజియోథెరపీ ఉండాలని ఉంది, అక్కడ అడగాలి. పడి తుంటి నొప్పితో కాలు మోపలేకపోతే మాత్రం ఏ పరీక్షా పెట్టకుండా, నడిపించకుండా, వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి 108లో తీసుకువెళ్లాలి.

అంకెలు రాసే నోటు పుస్తకం మీ ఫోనులో ఉన్నా, ఒక ప్రతి పెద్దవాళ్ల ఇంట్లో బీపీ చీటీలతో పాటు ఉండాలి. తేదీ, సమయం, ఏ కుర్చీ, ఎవరు తోడు ఉన్నారు, మాత్ర వేసుకున్నారా లేదా, ఎన్ని వచ్చాయి అన్నవి ఒక వరుసలో రాస్తే చాలు. వీడియోలు తీస్తే వాటిని కుటుంబ గ్రూపులో పెట్టవద్దు. లేవలేక ఇబ్బంది పడుతున్న తన వీడియోను అల్లుళ్లూ వియ్యంకులూ చూశారని తెలిస్తే, ఆ పెద్దాయన మరోసారి పరీక్షకు కూర్చోడు.